నరవిక్రయమును గూర్చిన పాఠము: ఇనుపసంకెల మొదలు వ్రేలిముద్ర దాఁక

1. పాఠోద్దేశము

ధనార్జనము దోషము కాదు. రైతు పండించును, సాలీఁడు నేయును, వర్తకుఁడు తెచ్చి యమ్మును. వీరందఱును లాభమును గోరువారే. ఆ కోరిక లేనిచో లోకయాత్ర నడువదు. అయితే యొక హద్దు కలదు. మనుష్యుని శ్రమను గొనుట వేఱు, మనుష్యునే కొనుట వేఱు. ఆ హద్దును దాఁటిన యార్జనమునకే లోభ మని పేరు. లోభము తన నిజరూపముతో వీధిలోనికి రాదు. వర్తక మనియో, ఒడంబడిక యనియో, ఋణ మనియో, ఉపకార మనియో యొక మంచిపేరు పెట్టుకొని వచ్చును. న్యాయవాదవృత్తిలో నుండు మేము కాగితములను జదువుట యభ్యాసముగాఁ గలవారము గనుక, ఆ పేర్ల వెనుక దాఁగిన వస్తు వేదియో ఈ పాఠమునఁ బరిశీలింప నుద్దేశించితిమి.

అట్లాంటిక్ సముద్రముపై జరిగిన బానిసల వ్యాపారము మొదటి యుదాహరణము. రెండవది మన యెచ్చెర్ల పరిసరములనుండి, శ్రీకాకుళ విజయనగర ప్రాంతములనుండి కూలిజనము ఓడలెక్కిన కథ. ఈ రెండును ఒక్కటే యని మేము చెప్పుట లేదు. రెండింటియందును పనిచేసిన మనోవ్యాధి యొక్కటే యని చెప్పుచున్నాము.

2. అట్లాంటిక్ వర్తకము

16వ శతాబ్దారంభము మొదలు 19వ శతాబ్దము నడిమి దాఁటువఱకు, మూఁడున్నర శతాబ్దములకాలము, ఆఫ్రికా తీరమునుండి ఓడలలో నెక్కింపఁబడిన స్త్రీపురుషులు, బాలబాలికలు ఇంచుమించు 1,25,00,000 మంది యని చరిత్రకారులు ఓడల లెక్కలనుండి తేల్చియున్నారు. ఆవలియొడ్డు చేరినవారు సుమారు 1,07,00,000 మంది. నడుమ సముద్రమునఁ బోయినవారు ఇంచుమించు 18 లక్షలు. చేరినవారిలో నెక్కువమంది బ్రెజిల్ దేశమునకును, కరీబియన్ దీవులకును గొనిపోఁబడిరి. కారణము చెఱకు. ఐరోపావాసుల పానీయములలోఁ దీపి పెరుగుకొలఁది చెఱకుతోఁటలు పెరిగెను. తోఁటలు పెరుగుకొలఁది మనుష్యుల వేఁట పెరిగెను.

ఇది తెల్లవారి పాపము, మనకేమి సంబంధ మని చదువరు లనుకొనవచ్చును. ఆఫ్రికా తీరమున నరులను గొనుటకు ఐరోపావర్తకులు తీసికొనిపోయిన సరకులలో భారతదేశపు నూలుబట్టలు ముఖ్యమైనవి. మన కోరమాండల్ తీరమున నేయఁబడిన నీలిబట్టలకు ఆ వర్తకమున ‘గినీబట్ట’ యనియే పేరు వచ్చెను. గినీ యనఁగా పశ్చిమాఫ్రికా తీరము. మన పిల్లలు అరుగులపైఁ బాచికలుగా వేసి యాడుకొను గవ్వలు సయితము మాల్దీవులనుండి ఐరోపా ఓడలలోఁ బోయి, పశ్చిమాఫ్రికాలో నాణెములై, మనుష్యుల వెలగాఁ జెల్లినవి. తన మగ్గముమీఁది బట్ట యెవరి మెడకు ఉరి యగునో సాలీఁ డెఱుఁగఁడు, అతఁడు నిర్దోషి. కాని ఎఱిఁగియు నెఱుఁగనట్లుండిన వర్తకులు తీరముతీరమునను ఉండిరి. ఆఫ్రికాలోనే కొందఱు ప్రభువులును, దళారులును పొరుగుజాతివారిని బట్టి యమ్మిరి. లోభమునకు చర్మపురంగు లేదు.

న్యాయశాస్త్రము చదువు ప్రతివాఁడును ‘జాంగ్’ అను ఓడ వ్యాజ్యమును తప్పక యెఱుఁగవలెను. 1781లో లివర్‌పూల్ వర్తకులదైన ఆ యోడ బానిసలతో జమైకాకుఁ బోవుచుండెను. దారి తప్పెను, రోగములు పుట్టెను. నీరు చాలదను మిషపై ఓడవారు 130 మందికిఁ బైగా మనుష్యులను, ప్రాణముతో నుండఁగనే, సముద్రములోనికిఁ ద్రోసిరి. ఆ మనుష్యులు తలకు 30 పౌనుల చొప్పున భీమా చేయఁబడియుండిరి. రోగముచేఁ జచ్చిన సరకునకు భీమా రాదు. ఓడను రక్షించుటకై సముద్రమునఁ బాఱవేసిన సరకునకు వచ్చును. యజమానులు భీమాసొమ్ము కోరిరి. 1783లో లండనునందలి న్యాయస్థానమునకు వచ్చిన వ్యాజ్యము హత్యను గూర్చినది కాదు, భీమాను గూర్చినది! మొదట జూరీ యజమానులపక్షముననే తీర్పు చెప్పెను. పిమ్మట మాన్స్‌ఫీల్డ్ ప్రభువు పునర్విచారణకు ఉత్తర్వు చేసెను. హత్యానేర మెవ్వరిపైనను మోపఁబడలేదు.

ఈ వార్తను గ్రాన్విల్ షార్పునకుఁ దెలిపినవాఁడు తానును బానిసగా నమ్మఁబడి విముక్తుఁడైన ఒలౌడా ఈక్వియానో. అతఁడు 1789లోఁ దన జీవితకథను బ్రచురించెను. అంతవఱకు లెక్కలపుస్తకములో సరకుగా వ్రాయఁబడినవాఁడు తన చేతఁ గలము పట్టెను. ఆ వర్తకమునకుఁ దగిలిన పెద్దదెబ్బలలో ఇది యొకటి.

3. నిషేధమును, పరిహారమును

1807లో బ్రిటిష్ పార్లమెంటు బానిసవర్తకమును నిషేధించెను. 1833లోఁ జేసిన శాసనముచేత, 1834 ఆగస్టు 1వ తేదినుండి, తన వలసలలో దాస్యమును రద్దుచేసెను. ఇది ఘనకార్య మనుటకు సందేహము లేదు. కాని ఆ శాసనములోని యొక సంగతి గమనింపుఁడు. పరిహారముగా 2 కోట్ల పౌనులు కేటాయింపఁబడెను. ఎవరికి? తరతరములు కూలి లేక చాకిరి చేసినవారికా? కాదు, యజమానులకు. బానిసకు చిల్లిగవ్వయు లేదు. పైగా మఱికొన్నియేండ్లు ‘శిక్షానవిసు’ లను పేరుతో పాత యజమానియొద్దనే పనిచేయవలసి వచ్చెను. అదియు 1838లోఁ దొలఁగెను. పరిహారమునకై చేసిన ఋణము తుదకు తీఱినది 2015లో. అనఁగా దాస్యము రద్దై నూట యెనుబది యేండ్లు గడచినను, బానిసలను గోల్పోయిన యజమానులకు ఇచ్చిన పరిహారపు అప్పు లెక్కలో నిలిచియే యున్నది.

ఈ 1833 శాసనము ఈస్టిండియా కంపెనీవారి భూములకు వర్తింపలేదు. మనదేశమున దాస్యమును న్యాయస్థానములు గుర్తింపరా దని చెప్పిన చట్టము 1843లో వచ్చెను; మనుష్యుని బానిసగాఁ గొనుట, అమ్ముట నేర మని 1860 నాఁటి శిక్షాస్మృతి చెప్పెను. మన తీరమునకును ఈ విద్య క్రొత్తది కాదు. 17వ శతాబ్దమున డచ్చి కంపెనీవారు, కోరమాండల్ తీరమునఁ గఱవు వచ్చి తల్లిదండ్రులు బిడ్డలను, పెద్దలు తమ్మును దామే యమ్ముకొను దినములలో, వేలకొలఁది జనమును గొని బటావియాకును, సింహళమునకును బంపిరి. కఱవు ప్రజలకు మృత్యువు. లోభికి అది చవకబేరము.

4. కాగితపు సంకెల

బానిసలు విముక్తులైరి, చెఱకుతోఁటలు మాత్రము నిలిచియున్నవి. తోఁటయజమానుల చూపు మనదేశముపైఁ బడెను. 1834 మొదలు మారిషస్ దీవికి కూలీలు ఓడలలోఁ బోసాగిరి. గోదావరి ముఖమునందలి కోరంగి రేవునుండి వెళ్లినందున తెలుగువారికి ఆ దీవిలో ‘కోరంగీ’ లను పేరు స్థిరపడెను. 1860 నవంబరు 16వ తేదిన ‘ట్రూరో’ యను ఓడ మదరాసునుండి దక్షిణాఫ్రికాలోని డర్బను రేవు చేరెను. నాఁటినుండి 1911 వఱకు నెటాల్ దేశమునకుఁ బోయిన భారతీయ కూలీలు 1,52,000 మందికిఁ బైగా నుండిరి. మూఁడింట రెండువంతులు మదరాసు రేవునుండి యెక్కినవారే. గంజాము, విశాఖపట్టణ మండలముల తెలుఁగువారు వారిలోఁ బెక్కుమంది. శ్రీకాకుళము 1936 వఱకు గంజాము మండలములోనిదే కదా. 1866లోను, 1888–89లోను ఆ మండలమును బీడించిన క్షామములను జ్ఞప్తికిఁ దెచ్చుకొన్నచో, ఓడ యెక్కుటకుఁ గారణమును వేఱుగా వెదకఁ బనిలేదు.

వీరు బానిసలు కారు, ఒడంబడిక వ్రాసినవారు. దానినే వారు ‘గిర్మిట్’ అనిరి. అం దేమున్నది? ఐదేండ్లు చెప్పినచోటఁ జెప్పినపని. నెటాలులో మొదటి సంవత్సరము నెలకు 10 షిల్లింగుల జీతము, పిమ్మట ఏఁటేఁట ఒక షిల్లింగు హెచ్చు. తిండి, వసతి, వైద్యము యజమానుఁ డిచ్చును. చదువుటకు బాగుగనే యున్నది. కాని సామాన్యముగా ఒడంబడిక తప్పినవాఁడు నష్టపరిహార మిచ్చుకొనును. ఈ యొడంబడిక తప్పిన కూలి చెఱసాలకుఁ బోవును. అనుమతిచీటి లేక తోఁట దాఁటినచో నేరము. పనికి రాకున్న నేరము. మారిషస్‌లో ఒక్కదినము రానివానికి రెండుదినముల కూలి కోసెడి వాడుక యుండెను. ఒకపక్షమువాఁడు తప్పినఁ జెఱసాల, రెండవపక్షమువాఁడు తప్పిన విచారణయే యరుదు: ఇట్టిదానిని ఒడంబడిక యనుట ఆ మాటకే యవమానము. 1840లోనే బ్రిటిష్ మంత్రి జాన్ రస్సెల్ ఇది నూతనదాస్యముగా మాఱునేమో యని శంకించి వ్రాసియుండెను. శంక నిజమయ్యెను, ఓడలు మాత్ర మాఁగలేదు.

నెటాలునుండి గడువు తీఱి 1871లోఁ దిరిగివచ్చిన మొదటి కూలీలు చెప్పుకొన్న మొఱల ఫలితముగ 1872లో విచారణసంఘ మొకటి యేర్పడెను. కొంతకాల మాఁగిన ప్రయాణములు 1874లో మఱల మొదలయ్యెను. 1895లోఁ జేసిన శాసనముచేత, గడువు తీఱినపిమ్మట మఱల గిర్మిట్ వ్రాయకయు, దేశమునకుఁ దిరిగిపోకయు నున్నవారిపై ఏఁటికి 3 పౌనుల తలపన్ను వేసిరి. స్వేచ్ఛకే పన్ను! 1913లో గాంధిగారి నాయకత్వమున గనికూలీలును, తోఁటకూలీలును పని మానిరి. 1914లో ఆ పన్ను తొలఁగెను. ఫిజీదీవులలోని కూలీల దుఃస్థితిని సి. ఎఫ్. ఆండ్రూసు, పియర్సను అనువారు స్వయముగాఁ జూచి 1916లోఁ బ్రకటించిరి. 1910లో గోఖలేగారును, 1916లో మాలవ్యాగారును శాసనసభలో వాదించిరి. 1917లో గిర్మిట్ ప్రయాణములు నిలిపివేయఁబడెను. 1920 జనవరి 1వ తేదితో ఫిజీలోని గిర్మిట్లన్నియు రద్దయ్యెను.

5. రంగ మోడ

మన ప్రాంతపు పల్లెలలో మారిషస్‌కంటె, నెటాలుకంటె నెక్కువగా వినఁబడిన పేరు రంగము, అనఁగా రంగూను పట్టణము. కళింగపట్టణము, బారువ, భీమునిపట్టణము, విశాఖపట్టణము రేవులలోఁ బొగయోడ లాఁగెడివి. కోఁత లయినపిమ్మట పురుషులు రంగము పోవుదురు. రేవులో బస్తాలు మోయుదురు, ధాన్యపుమిల్లులలోఁ బనిచేయుదురు, రిక్షాలు లాగుదురు, పాకీపని చేయుదురు. ఇచట గిర్మిట్ లేదు, చెఱసాల బెదరింపు లేదు. మఱి యేమున్నది? మేస్త్రి యున్నాఁడు, అతఁడు ముందుగా నిచ్చిన సొమ్మున్నది.

ఈ యంత్రము పనిచేయు విధమును ఒక లెక్కతో నభ్యసింతము. ఎచ్చెర్ల ప్రక్కపల్లె కాఁపురస్థు నొకనిని ఊహింపుఁడు. వాన లేదు, షావుకారు తలుపుతట్టుచున్నాఁడు. మేస్త్రి 40 రూపాయ లిచ్చెను. 15 షావుకారునకుఁ బోయెను; 15 ఓడకూలికిని దారిఖర్చునకును బోయెను; 10 ఆలుబిడ్డల చేతఁ బెట్టెను. వడ్డీ రూపాయికి నెలకొక యణా. రంగములో నెలకు 15 రూపాయల కూలి యనుకొందము. తిండికిని, మేస్త్రి చూపిన గదికిని 9 రూపాయలు, మేస్త్రివంతు 2 రూపాయలు, మిగిలినవి 4. నలువది రూపాయలమీఁద నెలవడ్డీ 2 రూపాయల 8 అణాలు. తక్కిన 1 రూపాయి 8 అణాలు అసలునకుఁ జేరును. ఒక్కదినమైనను జ్వరపడక, ఇంటికి ఒక్క పైసయైనఁ బంపక యున్నచో, పదునాఱు పదునేడు నెలలకు వాఁడు ఋణవిముక్తుఁడు.

ఇఁక వాఁడు దిగినతోడనే రెండునెలలు జ్వరముతోఁ బడుకొనె ననుకొనుఁడు. కూలి లేదు. తిండికి 18, వడ్డీకి 5, మొత్తము 23 రూపాయలు అప్పునఁ జేరెను, ఋణము 63. దానిమీఁద నెలవడ్డీ 3 రూపాయల 15 అణాలు. మిగులు నాలుగే రూపాయలు. నెలకొక్క యణా అసలులోఁ దీఱును! ఎవఁడును కొరడా యెత్తలేదు. ఎవఁడును సంకెల వేయలేదు. రెండునెలల జ్వరమే సంకెల. ఇది మేము కల్పించిన లెక్కయే. కాని ముందుసొమ్ము, హెచ్చువడ్డీ, కూలి తన చేతికి రాక మేస్త్రిచేతిమీఁదుగా వచ్చుట అను మూఁడును రంగపు కూలివాని బ్రతుకులో నిజముగా నుండినవి.

దీనివలనఁ గలిగిన కీడు అప్పుతో నాఁగలేదు. 1930 మే నెలలో రంగూను రేవునఁ దెలుఁగు కూలీలు హెచ్చుకూలికై పని మానఁగా, వారిస్థానమున బర్మావారిని బెట్టుకొనిరి. సమ్మె పరిష్కారము కాఁగానే బర్మావారిని దొలఁగించిరి. ఇరువుర యాఁకలియు నొకరిపై నొకరికిఁ గత్తియయ్యెను. నూఱుమందికిఁ బైగా మరణించిరి; పెక్కురు తెలుఁగువారు. కూలిని దగ్గించి లాభమును బెంచుకొన్నవారిమీఁద దెబ్బ పడలేదు. 1941 డిసెంబరులో జపానువారు రంగూనుపై బాంబులు వేసినపిమ్మట, లక్షలకొలఁది భారతీయులు బర్మాను విడిచిరి. ధనికులు ఓడలలోను, విమానములలోను వచ్చిరి. కూలివారు అరణ్యములఁ బడి నడచిరి. వేలకొలఁదిమంది త్రోవలోనే రాలిరి.

6. ఇంటిలోని దాస్యము

పరదేశపు తోఁటయజమానిని నిందించుట సులభము. మన మన్యప్రాంతములలో గొత్తి యను పద్ధతి యుండెను: తండ్రి తీసికొన్న కొలఁదిసొమ్మునకై తానును, తరువాతఁ గొడుకును ఋణదాత యింటఁ జాకిరి చేయుట. 1940లో మదరాసు ప్రభుత్వము ఏజెన్సీలో ఋణదాస్యమును రద్దుచేయు నిబంధన చేసెను. మైదానములలోఁ బాలేరుతనము పెక్కుచోట్ల నిట్లే నడచెను. పెండ్లికి తెచ్చిన యప్పు మనుమనికాలమువఱకుఁ బాఱెను. స్వతంత్రభారత రాజ్యాంగపు 23వ అధికరణము మనుష్యవిక్రయమును, వెట్టిని నిషేధించెను. 1976లో వెట్టిచాకిరి నిర్మూలనచట్టము వచ్చి అట్టి ఋణములనే చెల్లనివిగాఁ జేసెను. చట్టము చేయుటకు ఒకదినము చాలును. అరుగుమీఁదఁ గూర్చున్నవాని మనస్సు మాఱుటకుఁ దరములు పట్టును.

7. సమ్మతి యన నేమి?

ఇచ్చట నొక యాక్షేపము వచ్చును. ‘ఆఫ్రికావారిని బలాత్కారముగాఁ బట్టిరి, మనవారో తమంతఁ దామే పోయిరి. పోయినవారిలో పెక్కుమంది బాగుపడిరి. మారిషస్‌లోను, దక్షిణాఫ్రికాలోను, ఫిజీలోను వారి సంతతివారు గౌరవముతో నున్నారు. దీనిని దాస్యముతో నేల పోల్చెదరు?’

ఈ యాక్షేపమునఁ గొంత సత్యము కలదు. దానిని మేము త్రోసివేయము. ఆఫ్రికా బానిసకు గడువు లేదు, కూలి లేదు, బిడ్డయు యజమానిసొత్తే. గిర్మిట్ కూలికి గడువుండెను, మొఱ చెప్పుకొను త్రోవ యొకటి, ఇఱుకైనదే యైనను, ఉండెను. ఆ భేదమును మఱచుట ఆఫ్రికావారి దుఃఖమునకు అన్యాయము చేయుటయే. వలసపోయినవారి సంతతి బాగుపడినమాటయు నిజము. కాని అది వారి కష్టమునకును, ఓర్పునకును జెల్లవలసిన కీర్తి. దళారిలెక్కలో జమకట్టుకొనఁ దగినది కాదు. మునుఁగుచున్నవాఁడు ఈఁది యొడ్డుచేరినంతమాత్రమునఁ ద్రోసినవాఁడు ఉపకారి యగునా?

ఇఁక సమ్మతిమాట. నిజమైన సమ్మతికి మూఁడు లక్షణములు గావలెను: సంగతి తెలిసియుండుట, కాదనుటకు శక్తి యుండుట, ఒప్పుకొన్నపిదపఁ దప్పుకొనుటకు త్రోవ యుండుట. దూరము, పని, కూలి యెఱుఁగక వేలిముద్ర వేసినవానికి మొదటిది లేదు. ఇంట గింజ లేనివానికి రెండవది లేదు. సముద్రమున కావల అప్పుతో నున్నవానికి మూఁడవది లేదు. మూఁడును లేనిచోట వ్రేలిముద్ర సిరాగుర్తు మాత్రమే.

8. నేఁటి కర్తవ్యము

ఇది గడచిన కథ యనుకొని పుస్తకము మూయవలదు. కొలువు పేరుతోఁ గంబోడియాకుఁ గొనిపోఁబడి, కంప్యూటరుద్వారా జనులను మోసగించు పనికి నిర్బంధింపఁబడిన తెలుఁగు యువకుల సంగతి 2024లో విశాఖపట్టణపు పోలీసులు బయలుపఱచిరి. ఇచటఁ జెఱకుతోఁట లేదు, పొగయోడ లేదు. దళారి యున్నాఁడు, అబద్ధపు వాగ్దాన మున్నది, ఆవలియొడ్డు దాఁటినపిమ్మట వెనుకకు రాలేని స్థితి యున్నది. పరికరములు మాఱినవి, పద్ధతి మాఱలేదు.

కావునఁ జదువుకొన్నవారు చేయఁదగినవి కొన్ని కలవు. పరదేశపు కొలువునకుఁ బోవువాని కాగితములను వానికిఁ దెలియు మాటలలోఁ జదివి వినిపింపవలెను. 1983 నాఁటి వలసచట్టముక్రింద నమోదైన దళారియేనా కాదా యని విచారింపవలెను. పాసుపోర్టును పరుల చేతికిఁ దాకట్టువలె నీయరా దని చెప్పవలెను. తన యింటఁ బనిచేయువానికిఁ గూలిని వాని చేతనే, లెక్కగా, వేళకు నీయవలెను. ముందుసొమ్ము నిచ్చి వాని రేపటిని గొనరాదు. అన్నిటికంటె ముఖ్యముగా, కఱవును జూచి బేరమాడువానిని గౌరవించుట మానవలెను. లోభి తనంతఁ దాను పెరుగఁడు. మనము వేయు పీటమీఁదఁ గూర్చుండియే పెరుగును.

9. విచారణకుఁ బ్రశ్నలు

ఈ క్రింది ప్రశ్నలను నలుగురు కూడి చర్చింపఁ గోరుచున్నాము.

ఒకటి: ‘జాంగ్’ వ్యాజ్యమున న్యాయస్థానము అడుగవలసిన మొదటి ప్రశ్న యేది? దాని నెవరు నేల యడుగరైరి?

రెండు: దాస్యము రద్దయినప్పుడు పరిహార మెవరికిఁ జెందవలసినది? యజమానులకు సొమ్మీయకున్నచో ఆ శాసనము నెగ్గియుండెడిదా? నెగ్గుటకై చేసిన యన్యాయము క్షమింపఁదగినదేనా?

మూఁడు: పై లెక్కలో రంగపు కూలివాని వడ్డీ సగము తగ్గించిన నేమగును? కూలి వాని చేతికే నేరుగా వచ్చిన నేమగును? ఏది వానికి మేలు?

నాలుగు: మన యూర నేఁడు ముందుసొమ్మునకుఁ గట్టుబడి పనిచేయుచున్నవా రెవరైనఁ గలరా? వారి పేరు, అప్పు, వడ్డీ మన మెఱుఁగుదుమా?

నాల్గవ ప్రశ్నకు ‘ఎఱుఁగము’ అను నుత్తరము వచ్చినచో, పాఠ మింకను ముగియలేదు. లేచి వీధిచివఱ వఱకు నడచి, అడిగి తెలిసికొని రావలెను.